బండి నడపడం వచ్చు, బండి గురించి మాత్రం ఏమీ రాదు. కనీసం ఏమేం నేర్చుకోవాలి?

కొత్త_స్టీరింగ్ | ఆదివారం, రాత్రి 10:12

ఆరేళ్లుగా కారు నడుపుతున్నాను. అమీర్‌పేట సందుల్లో రివర్స్ పార్కింగ్ చేసే గర్వం నాది. మొన్న శుక్రవారం రాత్రి టైరులో గాలితో పాటు అదీ దిగిపోయింది.

అమ్మతో విజయవాడ నుంచి తిరిగొస్తున్నాను. కొర్లపహాడ్ టోల్‌గేట్, నకిరేకల్ దాటాక వెనక ఎడమ టైరు కూర్చుండిపోయింది. టైం పదకొండు దాటింది. డిక్కీలో బియ్యం మూట, రెండు ఆవకాయ జాడీలు, పిన్ని పెట్టిన అరటిగెల. అవన్నీ రోడ్డు పక్కన దించితే గానీ స్టెప్నీ కనిపించలేదు. జాకీ పెట్టి బండి లేపాను. పానా తగిలించి తిప్పితే నట్టు బదులు చక్రమే తిరుగుతోంది. మళ్లీ కిందికి దించాను. కాలితో తొక్కాను, చివరికి పానా మీదెక్కి నిలబడ్డాను. నట్టు కదల్లేదు. అమ్మ ఫోన్ లైటు పట్టుకుని "ఎవర్నైనా పిలవవే" అంటూనే ఉంది.

అరగంట తర్వాత ఒక లారీ డ్రైవర్ ఆగాడు. తన బండిలోంచి ఇనప పైపు తెచ్చి పానాకి తొడిగి, ఒక్కసారి నొక్కాడు. నాలుగు నట్లూ నిమిషంలో వచ్చేశాయి. డబ్బులిస్తే వద్దన్నాడు, ఆవకాయ జాడీ ఇస్తే మాత్రం కాదనలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. స్టెప్నీలోనూ గాలి సగమే ఉంది. గంటకి ముప్పై స్పీడులో పంక్చర్ షాపు దాకా పాకించుకుంటూ వెళ్లాం.

ఇప్పుడు నా ప్రశ్న. మెకానిక్ అవ్వాలని నాకు లేదు, కానీ మళ్లీ ఇలా రోడ్డు మీద తెల్లమొహం వేయడం కూడా ఇష్టం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. దయచేసి యాభై పాయింట్ల జాబితాలు మాత్రం వద్దు.

---

ఆటోనగర్_పాత_చెయ్యి | ఆదివారం, రాత్రి 10:50

అమ్మా, నీ తప్పేం లేదు. షాపుల్లో టైరు బిగించేది గాలి మిషన్ గన్‌తో. కుర్రాడు టుర్రుమనిపించి వదిలేస్తాడు. అలా పట్టిన నట్టు బండితో ఇచ్చే జానెడు పానాకి లొంగదు. ఇక మీదట టైరు పని ఎక్కడ చేయించినా, చివరి బిగింపు నీ ఎదురుగా చేతి పానాతో చేయించు. రెండడుగుల ఇనప పైపు ముక్క ఒకటి డిక్కీలో పడేసుకో. పాత సామాన్ల కొట్లో దొరుకుతుంది.

వరస చెబుతాను. హ్యాండ్ బ్రేకు లాగి ఫస్ట్ గేరులో పెట్టు, ఆటోమేటిక్ అయితే పీ లో. పంక్చర్ అయిన టైరుకి మూలగా ఉన్న చక్రం దగ్గర రాయి పెట్టు. వెనక ఎడమది పోతే ముందు కుడిదాని దగ్గర అన్నమాట. తర్వాత టైరు నేల మీద ఉండగానే నట్లు అరచుట్టు లూజు చెయ్యి. ఆ రాత్రి నువ్వు తడబడింది ఇక్కడే. లేపాక ఇంత బలం పెడితే చక్రం తిరుగుతుంది, లేదా బండి జాకీ మీద నుంచి జారుతుంది. నట్లు లూజయ్యాకే జాకీ.

జాకీ ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు. తలుపుల కింద అంచులో చిన్న గాడి ఉంటుంది, చేత్తో తడిమితే తెలుస్తుంది. అక్కడే పెట్టాలి. పక్కన రేకు మీద పెడితే రేకు లోపలికి పోతుంది. బండి లేచాక స్టెప్నీని బండి కింద అడ్డంగా తోసి ఉంచు. జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. చేతులూ కాళ్లూ మాత్రం ఎట్టి పరిస్థితిలో కింద పెట్టకు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ పని చేశాను. రెండు వేళ్లు సగం సగం ఉన్నాయి నాకు, అందుకే అంత గట్టిగా చెబుతున్నా.

బిగించేటప్పుడు ఒకదాని పక్కది ఒకటి కాకుండా ఎదురెదురుగా బిగించు. బండి దించాక ఇంకోసారి, యాభై అరవై కిలోమీటర్లు పోయాక మరోసారి.

ఒక మాట. హైవే మీద కుడి టైరు పోతే, లారీలు నీ వీపు రాసుకుంటూ పోతాయి. అక్కడ కూర్చుని మార్చకు. టైరు ముక్కలైనా ఫర్వాలేదు, డిస్కు వంగినా ఫర్వాలేదు, మెల్లిగా వెడల్పైన చోటికి తీసుకెళ్లు. టైరు మళ్లీ కొనుక్కోవచ్చు.

---

ఫోన్_కొడితే_చాలు | ఆదివారం, రాత్రి 11:05

ఇవన్నీ 1990ల నాటి మాటలండీ. ఇన్సూరెన్స్‌తో పాటు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకుంటే వాళ్లే వచ్చి మారుస్తారు. నేషనల్ హైవే మీద 1033 హెల్ప్‌లైన్ ఉంది. పంటి నొప్పి వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్తాం గానీ మనమే పీక్కోం కదా!

---

సెల్లార్_బి14 | ఆదివారం, రాత్రి 11:21

అన్నా, డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు పళ్లు మనమే తోముకుంటాం కదా.

1033 మంచిదే, నేనూ ఒకసారి వాడాను. బండి దారికి అడ్డంగా ఆగినప్పుడు క్రేన్ పంపి పక్కకి లాగించారు. అసిస్టెన్స్ వాళ్లు కూడా వస్తారు, కాకపోతే శ్రీశైలం అడవిలో సిగ్నల్ లేని చోట ఎవరికి ఫోన్ కొడతారు?

---

లెక్కల_మాస్టారు | సోమవారం, ఉదయం 6:02

నట్ల సంగతి పెద్దలు చెప్పారు. గాలి సంగతి నేను చెబుతాను, ఎందుకంటే అందరూ గాలికొదిలేసేది దాన్నే.

డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. మీ బండికి ముందు ఎంత, వెనక ఎంత, నిండా మనుషులుంటే ఎంత అని అందులోనే రాసి ఉంటుంది. బంకులో కుర్రాడు "ముప్ఫై అయిదు కొట్టేయనా సార్" అంటే తలూపకండి. టైరు పక్కగోడ మీద రాసి ఉండే అంకె కొట్టించవలసినది కాదు, అది గరిష్ఠ పరిమితి.

కొలవవలసింది టైరు చల్లగా ఉన్నప్పుడు. లెక్క చూడండి. చల్లగా 33 పీఎస్ఐ ఉన్న టైరు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 36 అవుతుంది. వంద కిలోమీటర్లు నడిపి వచ్చి, "అయ్యో ఎక్కువుందే" అని మూడు తీయిస్తే, మర్నాడు ఉదయం ఉండేది 30. తక్కువ గాలితో టైరు పక్కగోడలు ఎక్కువగా వంగి వేడెక్కుతాయి. ఎండాకాలంలో హైవే మీద టైర్లు పేలడానికి ఇదొక పెద్ద కారణం.

నైట్రోజన్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఉచితంగా ఇస్తే పట్టించుకోండి, లేకపోతే మామూలు గాలినే పదిహేను రోజులకోసారి చూసుకోండి. స్టెప్నీ కూడా.

ఇంకొకటి. టైరు మీద డాట్ (DOT) అనే అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని. నాకు ఒక షాపువాడు "ఫ్రెష్ స్టాక్" అని చూపించిన టైర్లు మూడేళ్ల క్రితంవి. అంకెలు చదివి వినిపిస్తే లోపల్నుంచి వేరేవి తెచ్చాడు.

---

మిషిగన్_మంచు | సోమవారం, ఉదయం 7:40

ఇక్కడ రాత్రయింది, రాసి పడుకుంటా.

ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో నలుగురం కలిసి పాత కరోలా కొన్నాం. మొదటి జనవరిలో మైనస్ 18. పొద్దున తాళం తిప్పితే టిక్ టిక్ టిక్ అని శబ్దం, అంతే. నలుగురం ఇంజనీర్లం, ఒక్కడికీ జంపర్ కేబుల్ పెట్టడం రాదు. పక్కింటి పెద్దాయన చెప్పులతో మంచులోకి వచ్చి నేర్పించాడు.

టిక్ టిక్‌మంటే, లైట్లు మసకగా ఉంటే, దాదాపుగా బ్యాటరీయే. కేబుల్ వరస ఇది. ఎర్రది ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి. ఆఖరి కొసని చచ్చిన బ్యాటరీకి పెట్టకుండా, దానికి దూరంగా ఇంజన్ మీద రంగు లేని ఇనప భాగానికి పెట్టాలి. చివరి కొస తగిలించేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ నుంచేమో హైడ్రోజన్ వస్తుంది. రెండూ కలవకూడదు. మంచి బండి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలాగి రెండోది స్టార్ట్ చేయాలి. తీసేటప్పుడు సరిగ్గా తిరగేసిన వరస.

చలికి బ్యాటరీ బలం తగ్గితే, వేడికి ఆయుష్షే తగ్గుతుంది. అక్కడ మూడు నాలుగేళ్లు దాటితే ఓ కన్నేసి ఉంచండి. పదిహేను వందల్లోపు మల్టీమీటర్ వస్తుంది. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12కి దగ్గరైతే సెల్ఫ్ ఎప్పుడు మొండికేస్తుందో చెప్పలేం. ఇంజన్ నడుస్తుండగా 14కి అటూ ఇటూ చూపించాలి. అది లేకపోతే తప్పు బ్యాటరీది కాదు, దాన్ని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌ది. కొత్త బ్యాటరీ కొన్నా రెండ్రోజుల్లో మళ్లీ అదే కథ.

---

ఆటోనగర్_పాత_చెయ్యి | సోమవారం, ఉదయం 9:15

చక్కగా చెప్పావు బాబూ. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పూత కడితే వేడినీళ్లు పోసి పాత బ్రష్షుతో తోమి, ఆరాక వాజిలైన్ రాయండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న. మా షెడ్డుకి బ్యాటరీ పోయిందని తోసుకొచ్చిన బండ్లలో సగం ఇలా తోమితే లేచినవే. మాన్యువల్ గేరు బండైతే సెకండ్‌లో పెట్టి తోసి కూడా లేపొచ్చు. ఆటోమేటిక్‌ని తోస్తే మీకు చెమట తప్ప ఏం రాదు.

---

ఎలుకల_బాధితుడు | సోమవారం, ఉదయం 11:30

ఇంతమంది పెద్దలు ఉండి అసలు శత్రువు పేరే ఎత్తలేదు. వినాయకుడి వాహనం మన వాహనం మీద పడితే ఏం చేయాలి?

నాలుగు నెలల్లో రెండుసార్లు వైరింగ్. మొదటిసారి ఏసీ ఆగిపోయింది, రెండోసారి ఇంజన్ లైటు వెలిగింది. సర్వీస్ సెంటర్‌లో హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం మార్చాలన్నారు. బయట ఎలక్ట్రీషియన్ కొరికిన మూడు వైర్లు అతికి ఎనిమిది వందలు తీసుకున్నాడు.

నేను చేసిన ప్రయోగాలు: నాఫ్తలీన్ ఉండలు (వారం పనిచేశాయి, వాసన ఏసీలోంచి మాకే వచ్చింది), స్ప్రే (పది రోజులు), పొగాకు కాడలు గుడ్డలో కట్టి బోనెట్ కింద పెట్టడం (ఇప్పటికి రెండు నెలలు, తట్టుకుంటోంది). అన్నిటికన్నా పనిచేసింది, కారులో పిల్లలు తిన్న బిస్కెట్ ముక్కలు ఊడ్చేయడం, రెండ్రోజులకోసారి బండి కదపడం.

అందుకే నా లెక్కలో మొట్టమొదటి విద్య బోనెట్ తెరవడం. నవ్వకండి, మా అపార్ట్‌మెంట్‌లో ఆ లివర్ ఎక్కడుందో తెలియనివాళ్లు ఉన్నారు. వారానికోసారి తెరిచి చూస్తే పెంటికలు, కొరికిన స్పాంజి కనిపిస్తాయి. పెట్రోలు వాసన వస్తే మాత్రం స్టార్ట్ చేయొద్దు. పైపు కూడా కొరుకుతాయవి.

---

కొత్త_స్టీరింగ్ | సోమవారం, మధ్యాహ్నం 1:10

బోనెట్ తెరిచాను. నిలబెట్టే కడ్డీ దొరకడానికి అయిదు నిమిషాలు. లోపల నాలుగైదు మూతలున్నాయి. ఏది తియ్యాలి, ఏది తియ్యకూడదు?

---

ఆటోనగర్_పాత_చెయ్యి | సోమవారం, మధ్యాహ్నం 2:45

బండి వేడిగా ఉంటే రేడియేటర్ మూత, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) డబ్బా మూత జోలికి పోకు. లోపల ప్రెషర్ మీద ఉంటుంది, మూత తీసీ తీయగానే మరిగే నీళ్లు మొహం మీద కొడతాయి. కూలెంట్ చూడటానికి మూత తీయక్కర్లేదమ్మా, డబ్బా బయట మిన్, మ్యాక్స్ గీతలుంటాయి. బ్రేక్ ఆయిల్ డబ్బా కూడా అంతే. బ్రేక్ ఆయిల్ తగ్గిందంటే నింపేసి ఊరుకోకూడదు. ప్యాడ్‌లు అరిగాయో, ఎక్కడైనా కారుతోందో చూపించాలి.

చేత్తో తీయాల్సింది ఇంజన్ ఆయిల్ కొలిచే కడ్డీ, డిప్‌స్టిక్. చాలా బండ్లకి పసుపు పిడి ఉంటుంది. సమంగా ఉన్న నేల మీద, ఇంజన్ ఆపి పది నిమిషాలయ్యాక బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి తీసి చూడు. రెండు గుర్తుల మధ్య ఆయిల్ ఉండాలి. నల్లగా ఉందని కంగారుపడకు, డీజిల్ బండ్లలో పోసిన వారానికే నల్లబడుతుంది. పాలు కలిపిన కాఫీలా ఉంటే మాత్రం ఆయిల్‌లో కూలెంట్ కలుస్తోందని అర్థం. అప్పుడు బండి కదపకు.

మీటర్‌లో లైట్ల గురించి కూడా చెప్పేస్తా. పసుపు రంగుది వెలిగితే ఇంటికెళ్లి, వీలు చూసుకుని చూపించొచ్చు. అదే పసుపు లైటు గబగబా ఆరి వెలుగుతుంటే మాత్రం స్పీడు తగ్గించి దగ్గర్లో ఆపు. ఎరుపైతే పక్కకి తీసి ఆపాల్సిందే. అల్లావుద్దీన్ దీపం బొమ్మ (ఆయిల్ ప్రెషర్ లైటు) ఎర్రగా వెలిగినా, "ఊరు ఇంకా పది కిలోమీటర్లే" అని నడిపినవాళ్ల ఇంజన్లు నేను చాలా విప్పాను. లోపల బేరింగులు నలిగిపోయి ఉంటాయి.

---

ఘాట్_డ్రైవర్ | సోమవారం, సాయంత్రం 5:20

తిరుపతిలో ట్యాక్సీ నడుపుతా సార్. పేరు చెప్పకుండా ఒక్క విషయం చెబుతా.

కొండకి పైకి పోయేది 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు, దిగేది 1944 నాటి పాత రోడ్డు. దిగే దారిలో మలుపులు ఎక్కువ. బయటి ఊర్ల నుంచి వచ్చిన బండ్లు బ్రేకు మీద కాలు తీయకుండా దిగుతాయి. వెనక వస్తుంటే కాలిన వాసన మా బండిలోకి వస్తుంది. కాసేపటికి పెడల్ మెత్తబడుతుంది, ఎంత తొక్కినా బండి ఆగదు. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడామో దిగేటప్పుడూ అదే గేరు. బండిని ఇంజనే పట్టుకుంటుంది, బ్రేకు మలుపుల్లో మాత్రమే. ఆటోమేటిక్‌లో ఎల్ గేరు గానీ మాన్యువల్ మోడ్ గానీ ఉంటుంది, ఇంటి దగ్గరే వెతుక్కుని రండి. పెట్రోలు మిగులుతుందని కొందరు న్యూట్రల్ చేసి ఇంజన్ ఆపేస్తారు. అప్పుడు స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు రెండు మూడుసార్లు పడి తర్వాత రాయిలా అయిపోతుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, తేమ చేరితే త్వరగా మరుగుతుంది. రెండేళ్లకోసారి మార్పించండి. అరకు అయినా మారేడుమిల్లి అయినా ఇదే లెక్క.

---

సింగ్‌నగర్_వాసి | సోమవారం, రాత్రి 8:33

మేం విజయవాడలో బుడమేరు వాగు వరద చూశాం, 2024 సెప్టెంబర్ 1. సెల్లార్‌లో బండి స్టీరింగ్ దాకా మునిగింది. నీళ్లు తీశాక మా వీధిలో చాలామంది చేసిన మొదటి పని, "పనిచేస్తుందో లేదో చూద్దాం" అని తాళం తిప్పడం. గాలి నలిగినట్టు నీళ్లు నలగవు. సిలిండర్‌లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే పిస్టన్‌ని పట్టుకునే రాడ్ వంగిపోతుంది. అప్పటిదాకా శుభ్రం చేస్తే సరిపోయే ఇంజన్, ఆ ఒక్క తిప్పుతో తుక్కు. పైగా మునిగాక స్టార్ట్ చేసి పాడుచేసుకున్నారని ఇన్సూరెన్స్ పేచీ పెట్టొచ్చు. ఇంజన్ ప్రొటెక్షన్ అనే యాడ్ఆన్ విడిగా ఉంటుంది, మీ పాలసీలో ఉందో లేదో చూసుకోండి.

మా నాన్న తాళం తన జేబులో వేసుకుని ఎవ్వరికీ ఇవ్వలేదు. బ్యాటరీ మైనస్ విప్పించి, లారీ మీద ఎక్కించి పంపాం. ఆ బండే ఇప్పటికీ నడుపుతున్నా.

---

ఫోన్_కొడితే_చాలు | మంగళవారం, రాత్రి 9:02

సరే, ఒప్పుకుంటున్నా, నవ్వుకోండి. మీ అందరి పుణ్యమా అని ఇవాళ డిక్కీలో చాప ఎత్తి చూశా. స్టెప్నీ లేదు! కొని ఎనిమిది నెలలు. షోరూముకి ఫోన్ చేస్తే "ఈ మోడల్‌కి రాదు సార్, కిట్ ఉంటుంది" అన్నారు. చిన్న కంప్రెసర్, ఒక సీసా.

---

సెల్లార్_బి14 | మంగళవారం, రాత్రి 9:10

😂 2020లో రూల్ మారింది అన్నా. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు, రిపేర్ కిట్ మూడూ ఉంటే స్టెప్నీ ఇవ్వక్కర్లేదు. ఆ సీసాలో జిగురు ద్రవానికి ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది, చూసుకో. మేకు గుచ్చుకున్న రంధ్రానికి పనిచేస్తుంది. పక్కగోడ చీలితే ఏమీ చేయలేదు. అప్పుడు మాత్రం నీ పేరు సార్థకం, ఫోన్ కొట్టడమే.

నా సంగతీ వినండి. మాది అల్లాయ్ చక్రం. దొంగలు విప్పకుండా నాలుగు నట్లలో ఒకటి వేరే ఆకారంలో ఉంది. దానికి ప్రత్యేకంగా ఒక తాళం ముక్క ఇస్తారు. అది బండిలో లేదు. పోయినసారి సర్వీసుకిచ్చిన చోటే ఉండిపోయిందట. రేపు వెళ్లి తెచ్చుకోవాలి. ఈ చర్చ చూడకపోయుంటే ఆ సంగతి ఏ అర్ధరాత్రో తెలిసేది.

---

కొత్త_స్టీరింగ్ | ఆదివారం, మధ్యాహ్నం 12:40

వారం గడిచింది. ఇవాళ పొద్దున సెల్లార్‌లో ప్రాక్టీసు చేశాం. అమ్మ, నేను, చూడ్డానికి వాచ్‌మన్ కుటుంబం, తర్వాత పైనుంచి దిగిన ముగ్గురు అంకుల్స్. ముగ్గురూ సలహాలిచ్చారు, ఒక్కరూ పానా ముట్టుకోలేదు.

ముందు ఎడమ టైరు విప్పాను. పైపు తొడిగితే నట్లు వచ్చేశాయి. మొదటిసారి యాభై నిమిషాలు, రెండోసారి ఇరవై రెండు. ఆ రెండోసారి నట్లు విప్పింది అమ్మ. "ఇంతేనా, ఆ రాత్రి దీనికా మనం అంత ఏడ్చింది" అంది. స్టెప్నీలో 33 కొట్టించాను.

ఒక సందేహం. విప్పిన టైరు చేతిలోకి తీసుకుని చూస్తే లోపలి వైపు అంచు నున్నగా ఉంది. గీతలే లేవు. బయటి వైపు మాత్రం బాగానే ఉంది, అందుకే ఇన్నాళ్లూ కనపడలేదు. ఇది మామూలేనా? వచ్చే శుక్రవారం మళ్లీ విజయవాడ వెళ్లాలి.

---

ఆటోనగర్_పాత_చెయ్యి | ఆదివారం, మధ్యాహ్నం 1:05

మామూలు కాదమ్మా. చక్రాల కోణం, అదే అలైన్‌మెంట్ తప్పింది. స్టీరింగ్ వదిలితే బండి ఒక పక్కకి లాగుతుండాలి, గమనించావా? కుడి టైరు కూడా లోపలివైపు వేలితో తడిమి చూడు. రబ్బరులోంచి తీగలు బయటపడ్డాయా?

---

కొత్త_స్టీరింగ్ | ఆదివారం, మధ్యాహ్నం 1:31

తడిమాను. అదీ నున్నగానే ఉంది. తీగలు కనపడట్లేదు. లాగడం నిజమే, ఎడమకి. రోడ్డు వాలు అనుకున్నాను ఇన్నాళ్లూ.

---

ఆటోనగర్_పాత_చెయ్యి | ఆదివారం, మధ్యాహ్నం 1:38

ముందు రెండు టైర్లూ మార్చు, ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయించు. అరిగిన టైర్ల మీద చేయిస్తే డబ్బు దండగ. బేరం ఆడేముందు మాస్టారు చెప్పిన నాలుగంకెలు చదువు. అమ్మగారిని కూడా తీసుకెళ్లు. నట్ల చివరి బిగింపు చేతి పానాతో ఆవిడ్నే చేయమను.